ఊరి పేరు మోయు బొమ్మలు

ఒక ఊరికి ముఖమెక్కడ నుండును? అచ్చట పుట్టి పెరిగినవానికి గుడిగోపురమో, చెరువుగట్టో, ఊరి వెనుకనున్న కొండయో కన్నులకు గట్టును. ఆ ఊరిని ఎన్నడును చూడనివానికి దానిని పరిచయము చేయవలెనన్నచో అచ్చటి పంటనో, పనివారి నేర్పునో, పెద్దలు చెప్పుకొను పాతకథనో చెప్పవలసియుండును. జపాను దేశమునందలి నగరములు ఈ విషయములన్నింటిని ఒకచోట కూర్చి, ఒక బొమ్మగా మలచి, దానికొక పేరు పెట్టి, కాలుసేతులిచ్చి వీథులలో నడిపించుచున్నవి. పిల్లలు దానిని కౌగిలించుకొందురు. ముసలివారు దాని ప్రక్కన నిలిచి ఫొటో తీయించుకొందురు. నగర పాలకులు దానిని వెంటబెట్టుకొని సభలకు పోవుదురు. వినుటకు ఇది పిల్లలయాటవలె తోచును. కాని యీ యాట వెనుక ఊళ్ల బ్రతుకునకు సంబంధించిన పెద్ద చింత యొకటి దాగియున్నది.

ఈ బొమ్మలను జపానీయులు ‘యురుక్యారా’ అందురు. ‘యురుయి’ అనగా వదులైనది, బిగువులేనిది అని యర్థము. ‘క్యారా’ అనునది ‘క్యారెక్టరు’ అను ఆంగ్లపదమునకు వారు చేసికొన్న పొట్టిరూపము. ఈ పేరు పెట్టినవాడు మియురా జున్ అను రచయిత. ఇతడు చిత్రకారుడు కూడను. ఊళ్ల యుత్సవములలో కనబడు ఇట్టి బొమ్మలను చూచి ముచ్చటపడి, వానికి మూడు లక్షణములుండవలెనని ఇతడు చెప్పెను. మొదటిది, ఆ బొమ్మ తన ఊరిమీది ప్రేమను గట్టిగా తెలుపవలెను. రెండవది, దాని నడక తడబాటుగలదై, మరి దేనికిని లేని తీరున నుండవలెను. మూడవది, దానిని చూచినంతనే మనస్సులోని బిగువు సడలి ప్రేమ పుట్టవలెను. అందము గాని, నైపుణ్యము గాని ఈ లక్షణములలో లేకపోవుట గమనింపదగినది. ఊరి బొమ్మ చక్కగా నుండనక్కరలేదు. ఊరిదై యున్న చాలును.

మన జాతరలలో బుట్టబొమ్మలను మీరు చూచియుందురు. వెదురుబుట్టతో కట్టిన పెద్ద బొమ్మలో మనుష్యుడు దూరి, డోలు దెబ్బకు ఆడుచుండును. జపాను బొమ్మలు నడచుటయు ఇట్టిదే. మెత్తని పూరకము గల పెద్ద వేషమును ఒకరు ధరింతురు. లోపలినుండి వెలుపలికి కొంచెముగా మాత్రమే కనబడును. కావున ఒక సహాయకుడు చేయిపట్టుకొని నడిపించును. వేసవియందు లోపలి వేడిమి దుర్భరము. ఇంత శ్రమపడియు ఆ వేషధారి తన పేరు చెప్పుకొనడు. లోపల నెవరున్నారని యడుగుట మర్యాద కాదని చూచువారును ఎరుగుదురు. పెక్కు బొమ్మలు మాటలాడవు. చేతులు ఊపుటతోడను, తల వంచుటతోడను భావము తెలుపును. ఒక మనుష్యుని పేరు వెనుకకు పోయి, ఊరి పేరు ముందునకు వచ్చుట ఇందలి మర్మము.

ఇట్టి బొమ్మలు ఇంతగా పెరుగుటకు కారణములు తెలిసికొందము. పూర్వమునుండియు జపానీయులకు కొండయందును, చెట్టునందును, వాడుకలోని వస్తువునందును ప్రాణమును భావించు అలవాటు కలదు. పంజా యెత్తి పిలుచు పిల్లిబొమ్మ, గుండ్రని దారుమ బొమ్మ అచ్చటి యంగళ్లలోను ఇండ్లలోను ఎల్లెడల కనబడును. అయినను ఊరికొక బొమ్మ కావలెనను తొందర పుట్టినది ఇటీవలనే. 1999 మార్చి నాటికి జపానులో నగరములు, పట్టణములు, గ్రామములు కలిసి 3,232 స్థానిక పాలనసంస్థలుండెను. ఖర్చు తగ్గించుటకై ప్రభుత్వము వానిని ఒకదానితో నొకటి కలుపుటకు ప్రోత్సహింపగా 2010 మార్చి నాటికి 1,727 మాత్రమే మిగిలెను. అనగా పదునొకండు సంవత్సరములలో దాదాపు సగము ఊళ్లు పాలనపటమునుండి తొలగిపోయినవి. పేరు పోయిన ఊరివారు క్రొత్త నగరమును ‘మాది’ అని యెట్లనుకొందురు? మరియొక కష్టము కూడ కలదు. యువకులు చదువులకును ఉద్యోగములకును తోక్యో వంటి మహానగరములకు పోవుచున్నారు. దేశ జనాభాయే 2008 ప్రాంతమున శిఖరమునకు చేరి, పిదప తగ్గుట కారంభించినది. పిల్లలు లేక బడులును, కొనువారు లేక యంగళ్లును మూతపడుచున్న ఊళ్లు పెక్కు కలవు. మా ఊరొకటి యున్నదని లోకమునకు తెలుపుట వారికి వినోదము కాదు, ప్రాణావసరము.

బివా సరస్సు తీరమునందలి హికోనె నగరము ఈ మార్గమున ముందు నడచినది. అచ్చటి కోట నాలుగువందల సంవత్సరముల యుత్సవము 2007లో జరిగినది. దానికై 2006లో హికోన్యాన్ అను తెల్లపిల్లి బొమ్మ పుట్టినది. జపాను భాషలో ‘న్యాన్’ అనగా పిల్లి యరపు. ఈ పిల్లికి కొమ్ములుగల ఎఱ్ఱని శిరస్త్రాణ మేల? దానికొక కథ కలదు. హికోనె ప్రభువగు ఈ నావొతకా ఒకనాడు ఎదో పట్టణము దాపున నున్న గోతోకు దేవాలయముచెంత పోవుచుండగా, ఒక పిల్లి పంజా యెత్తి ఆయనను లోపలికి పిలిచెననియు, ఆయన లోనికి పోయినంతనే పిడుగులతో గాలివాన కురిసెననియు చెప్పుదురు. ఈ వంశపు సేనలు యుద్ధమున ఎఱ్ఱ కవచములు ధరించెడివి. పిల్లి యా కథనుండియు, శిరస్త్రాణ మా కవచములనుండియు వచ్చినవి. కోటను చూడవచ్చిన పిల్లవాడు మొదట బొమ్మను చూచి నవ్వును. పిమ్మట ‘ఆ ఎఱ్ఱకొమ్ము లెందుకు?’ అని యడుగును. ఆ ప్రశ్నతో నాలుగువందల యేండ్ల చరిత్రకు తలుపు తెరచుకొనును.

షికోకు ద్వీపమునందలి ఇమబారి నగరపు బొమ్మ భూగోళ పాఠమువంటిది. 2005లో చుట్టుపట్ల నున్న పదునొకండు ఊళ్లును గ్రామములును ఈ నగరముతో కలిసినవి. వారి బొమ్మ ‘బారిసాన్’ అను బొద్దు కోడిపిల్ల. ఆ ఊరు కాల్చిన కోడిమాంసమునకు పేరుపడినది గనుక అది కోడిపిల్ల యైనది. దాని తలమీది కిరీటము 1999లో తెరవబడిన కురుషిమా జలసంధి వంతెన యాకారమున నుండును. పొట్టకు చుట్టిన పట్టీ అచ్చట నేయు తువాలు గుడ్డ. చేతిలోని సంచి యోడ యాకారమున నుండును. ఏలయన నౌకానిర్మాణము ఆ ఊరి ముఖ్యమైన పరిశ్రమ. బొమ్మను ఒకసారి పరికించి చూచినవాడు ఇమబారి ప్రజ లేమి తిందురో, ఏమి నేయుదురో, ఏమి నిర్మింతురో చెప్పగలడు.

అదే ద్వీపమున కోచి ప్రిఫెక్చరులో సుసాకి యను చిన్న నగరము కలదు. ప్రిఫెక్చరు లనగా జపానునందలి నలువదియేడు పెద్ద పాలనవిభాగములు. సుసాకిలోని షింజో నదియందు 1979లో ఒక నీటికుక్క కనబడెను. ఆ జాతిని నిశ్చయముగా చూచుట అదియే కడపటిసారి. 2012లో జపాను ప్రభుత్వము ఆ నీటికుక్క జాతి నశించినదని ప్రకటించెను. సుసాకివారు ఆ నదిపేర ‘షింజోకున్’ అను నీటికుక్క బొమ్మను చేసిరి. దాని తలమీద, ఆ ఊరివారు ఉడుకుడుకు సేమియా పులుసు వడ్డించు మట్టిపాత్ర టోపీగా నుండును. తన జాతివారిని వెదకుచు అది దేశమంతట తిరుగుచున్నదని దాని కథ. పొగొట్టుకొన్న దానిని మరువకుండుట కూడ ఊరి గుర్తింపులో నొక భాగమే యని ఈ బొమ్మ చెప్పుచున్నది.

అన్నింటికంటె ప్రసిద్ధికెక్కినది కుమామోతో ప్రిఫెక్చరు వారి ‘కుమామోన్’. క్యూషూ ద్వీపమునందు వేగముగా పోవు షింకన్‌సెన్ రైలుమార్గము 2011 మార్చి 12వ తేదీన పూర్తిగా తెరవబడెను. రైలు వచ్చినంత మాత్రమున మేలు కలుగునా? ప్రయాణికులు దిగక, కిటికీలోనుండి చూచుచు సాగిపోవుదురేమో యని కుమామోతోవారు భయపడిరి. ఆ ప్రాంతమున పుట్టిన రచయిత కొయామా కుండో సలహాతో, మిజునొ మనాబు అను రూపకర్త చేతిలో 2010లో ఈ నల్లని ఎలుగుబంటి రూపొందెను. ‘కుమా’ యనగా ఎలుగు. ‘మోన్’ అనగా అచ్చటి మాండలికమున ‘వాడు’ అని యర్థము. దాని ఎఱ్ఱని బుగ్గలు ఆ నేలలో పండు టొమాటోలను, పుచ్చకాయలను జ్ఞప్తికి దెచ్చును. విచిత్రమేమనగా క్యూషూ ద్వీపమునం దిప్పుడు అడవి యెలుగులు లేవు. అయినను పేరులోని శ్లేష వలన ఎలుగు ఆ ఊరిదై పోయినది.

కుమామోతో పాలకులు చేసిన తెలివైన పని యొకటి కలదు. బొమ్మపై హక్కులను తామే కొని, తమ ప్రాంతమునకు మేలు చేయు వ్యాపారులు అనుమతి గైకొని రుసుము చెల్లింపక దానిని వాడుకొనవచ్చునని 2010 చివరనే ప్రకటించిరి. ఆహారపదార్థముపై బొమ్మ వేయదలచినవారు కుమామోతో పంటలను వాడవలెను. ఇందుచే రైతు పంటకును, బొమ్మ కీర్తికిని ముడి పడినది. 2011 నవంబరు మొదలు రెండు సంవత్సరములలో ఈ బొమ్మ వలన ఆ ప్రాంతమునకు కలిగిన ఆర్థికలాభము పన్నెండువేల కోట్ల యెన్లకు మించినదని జపాను బ్యాంకు కుమామోతో శాఖ అంచనా వేసెను. ఎవరును వాడరాదని పెట్టెలో బెట్టి తాళము వేసియుండినచో ఈ ఫలము దక్కియుండెడిది కాదు.

అయితే ఊరి పేర ఏ బొమ్మ చేసినను ప్రజలు ఒప్పుకొందురని తలపరాదు. నారా నగరము 710లో జపానునకు రాజధాని యయ్యెను. అచ్చటి మహాబుద్ధ విగ్రహమునకు 752లో నేత్రోన్మీలనము చేసినవాడు మన దేశమునుండి వెళ్లిన బోధిసేనుడను భిక్షువు. ఆ రాజధాని స్థాపనకు 1300 సంవత్సరములు నిండు సందర్భమునకై 2008లో ‘సెంతోకున్’ అను బొమ్మ ప్రకటింపబడెను. అది బుద్ధుని పోలిన బాలుడు. తలమీద నారాలో పవిత్రముగా నెంచబడు జింక కొమ్ములు కలవు. పవిత్రమూర్తికి కొమ్ములు పెట్టుట అపచారమని కొందరును, ప్రజల నడుగకయే నిర్ణయించిరని కొందరును నిరసించిరి. కొందరు పౌరులు కలిసి ‘మంతోకున్’ అను వేఱొక బొమ్మనే నిలిపిరి. ఈ వాదము దేశమంతట ప్రాకి, తుదకు సెంతోకున్ పేరును ఇంటింట ఎరిగించినది. ఇది చూచి నవ్వుకొనవచ్చును గాని, ఇందొక మంచి కలదు. తమ ఊరి రూపమెట్లుండవలెనో చెప్పు హక్కు తమదేనని నారా ప్రజలు తలచిరి. తమకు ప్రియము కాని ఊరికై ఎవరును ఇంతగా వాదింపరు.

దీనికి విపరీతముగా, పాలకుల యంగీకారము లేకయే గెలిచిన బొమ్మయు నొకటి కలదు. తోక్యోకు సమీపమున ఫునబాషి నగరము బేరిపండ్లకు ప్రసిద్ధి. జపాను భాషలో బేరిపండు ‘నాషి’. ఒక సామాన్య పౌరుడు 2011లో ‘ఫునాషి’ అను పసుపుపచ్చని బేరిపండు బొమ్మను సృష్టించెను. నగర కార్యాలయము దానిని తన గుర్తుగా స్వీకరింపలేదు. ఇతర బొమ్మలు మౌనముగా నుండగా ఫునాషి కేకలు వేసెను, ఎగిరి గంతులు వేసెను. 2013 నాటికి దేశమంతయు దానిని ఎరిగినది. ఊరిమీది మమకారమునకు కార్యాలయపు ముద్ర అవసరము లేదని ఇది తెలుపుచున్నది.

మంచిపనియు హద్దు మీరినచో అభాసు పాలగును. ఒకరిని చూచి యొకరు బొమ్మలు చేయింపసాగిరి. ఒసాకా ప్రిఫెక్చరులో ఒక్కొక్క శాఖవారు ఒక్కొక్కటి చేయించుటచే 2014 నాటికి వాని సంఖ్య తొంబదికి మించెను. ఏది దేని బొమ్మయో తెలియక పాలకులే వానిని తగ్గింప పూనుకొనిరి. దేశమంతటి బొమ్మలకు ప్రజల ఓట్లతో ఏటేట ఒక పోటీ జరుగుచుండెను. 2011లో కుమామోన్, 2012లో బారిసాన్, 2016లో షింజోకున్ ప్రథమస్థానము పొందినవి. కాని 2018లో యొక్కాయిచి నగరమున ఉద్యోగులే గుంపుగా ఓట్లు వేసిరని బయటపడెను. నిర్వాహకులు అనుమానాస్పదమగు ఓట్లను తీసివేయగా, ముందున్న వారి బొమ్మ మూడవ స్థానమునకు దిగెను. ఊరికి గౌరవము తేవలెనని చేసిన పనియే ఊరిని తలవంచుకొనునట్లు చేసినది. ప్రేమను ఓట్లతో కొలువవచ్చునేమో గాని, దొంగ ఓట్లతో పుట్టింపలేము.

ఇక ఈ బొమ్మల నిజమైన విలువ యెప్పుడు తెలియవచ్చినదో వినుడు. 2016 ఏప్రిలు 14వ తేదీ రాత్రి కుమామోతోలో భూకంపము వచ్చెను. 16వ తేదీన అంతకంటె పెద్దది వచ్చెను. ఇండ్లు కూలెను. ప్రాచీనమైన కోట ప్రాకారముల రాళ్లు జారిపడెను. వేలకొలది జనులు బడులలోను, బయళ్లలోను తలదాచుకొనిరి. పాలకులు సహాయకార్యములలో మునిగియుండుటచే కుమామోన్ ఎచ్చటను కనబడలేదు. ప్రతిదినము పలుకరించు దాని సందేశములును ఆగిపోయెను. అప్పుడు దేశము నలుమూలలనుండి జనులు ‘కుమామోన్ క్షేమమా?’ అని యడుగసాగిరి. బొమ్మకు భూకంపము వలన కీడేమి? అది వారెరుగక కాదు. ముక్కుమొగము తెలియని లక్షలమంది క్షేమమును విడివిడిగా అడుగుట యెట్లు? ఆ ఒక్క పేరుతో వారు కుమామోతో ప్రజలందరి క్షేమము నడిగిరి. చిత్రకారులు పెక్కురు ధైర్యము చెప్పుచు కుమామోన్ చిత్రములు గీసి పంపిరి. మూడు వారములు గడచినవి. మే 5వ తేదీ జపానులో బాలల దినము. ఆనాడు కుమామోన్ బాధితుల మధ్యకు మరల వచ్చెను. పిల్లలు పరుగెత్తి దానిని చుట్టుకొనిరి. కోట ప్రధానభవనము బాగుపడుటకు 2021 వరకు పట్టెను. పిల్లల మొగములలో నవ్వు మాత్రము ఆనాడే తిరిగివచ్చెను.

ఆ బొమ్మల పోటీ 2020లో కడపటిసారి జరిగినది. అందు ప్రథమస్థానము పొందినది రికుజెంతకతా నగరపు ‘తకతానొ యుమెచాన్’. ‘యుమె’ యనగా కల. 2011 మార్చి 11వ తేదీన సముద్రము పొంగి వచ్చి ఆ నగరమును తుడిచిపెట్టినది. తీరమున నున్న డెబ్బదివేల పైన్ వృక్షములలో ఒక్కటి మాత్రమే నిలిచినది. గుర్తులన్నియు కొట్టుకొనిపోయిన ఊరు, తన పేరును ఒక బొమ్మ భుజముల కెత్తి దేశమంతట మరల వినిపించినది.

బొమ్మ ఊరిని నిలువబెట్టదు, నిలువబెట్టువారు మనుష్యులే. అది మూతపడిన బడిని తెరువజాలదు, ఊరు విడిచిన యువకుని చేయిపట్టి తీసికొని రాజాలదు. కాని ఊరివారు తమలో తాము ఒక ప్రశ్న వేసికొనునట్లు చేయును. మన ఊరిలో ఇతరులకు చెప్పదగిన దేమి యున్నది? ఇమబారివారు దానికి తువాలు గుడ్డతో జవాబు చెప్పిరి. సుసాకివారు కనుమరుగైన నీటికుక్కతో చెప్పిరి. జవాబు నిజమైనచోట బొమ్మ బ్రతికినది. జవాబు లేకయే చేసినచోట అది కొట్టులో మూల బడినది. విద్యార్థులారా! ఆ ప్రశ్న జపానువారికి మాత్రమే చెందినది కాదు. మీ ఊరి నేల యేమి పండించును, చేతు లేమి చేయును, పెద్దలు ఏ కథ చెప్పుదురు? బొమ్మ చేయు నవసరము లేదు. జవాబు మాత్రము తెలిసియుండవలెను.